భాస్కరాచార్యుని జీవితము – వర్గప్రకృతియందలి యొక మహాసంఖ్య

ఉపోద్ఘాతము

భారతీయ గణితచరిత్రను చదివిన వారందఱును 1766319049 అను సంఖ్యను ఒకమారైనను చూచియే యుందురు. నూట డెబ్బదియాఱు కోట్ల అరువదిమూడు లక్షల పందొమ్మిదివేల నలువదితొమ్మిది అని దీనిని చదువవలెను. భాస్కరాచార్యుని బీజగణితమున చక్రవాళ ప్రకరణమునందు ఒక చిన్న ప్రశ్నకు సమాధానముగా ఈ సంఖ్య వెలువడినది. ఏ వర్గసంఖ్యను 61 చేత గుణించి ఒకటి కలిపినచో మఱల వర్గసంఖ్యయే లభించును? ప్రశ్న ఇంతియే. బాలురకు సైతము తెలియునట్టి ఈ ప్రశ్నకు పూర్ణాంకములలో వచ్చు సమాధానములలో కనిష్ఠమైనది కోట్లను దాటిపోవుచున్నది.

భాస్కరుని గూర్చి మనకు రెండు విధములైన వృత్తాంతములు లభించుచున్నవి. ఆతడు స్వయముగా గ్రంథాంతములందు చెప్పుకొనిన మాటలును, ఆతని వంశీయులు వేయించిన శాసనమును ఒక విధము. కాలాంతరమున పుట్టి లోకమున వ్యాపించిన కథలు రెండవ విధము. మొదటివి మిక్కిలి స్వల్పములు. రెండవవి మిక్కిలి ప్రసిద్ధములు. ఈ వ్యాసమున మొదటి విధమైన ఆధారములను అనుసరించి ఆ మహనీయుని జీవితమును నిరూపించుటకును, పై సంఖ్యను ఆ జీవితమునకు ఒక సాక్ష్యముగా పరిశీలించుటకును యత్నింపబడుచున్నది. పూర్వుల నుండి ఆతడు ఏమి గ్రహించెను, తాను ఏమి చేర్చెను, ఏది చెప్పక విడిచెను అను మూడు విషయములును ఈ యొక్క సంఖ్యను సాధించు మార్గమునందే తేటపడుచున్నవి.

వంశము – జన్మము

భాస్కరుడు శకవర్షము 1036లో, అనగా క్రీ.శ. 1114లో జన్మించెను. ఈ విషయమును ఆతడే గోళాధ్యాయము చివర తెలిపియున్నాడు. తన ముప్పదియాఱవ యేట సిద్ధాంతశిరోమణిని రచించితినని కూడ అచ్చటనే చెప్పెను. కాబట్టి ఆ గ్రంథము క్రీ.శ. 1150 నాటిదని నిశ్చయముగా చెప్పవచ్చును. ప్రాచీన గ్రంథకర్తల కాలమును నిర్ణయించుటకు మనము పడు శ్రమ తెలిసినవారికి ఈ మాటల విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈతడు శాండిల్యగోత్రజుడు. సహ్యాద్రి ప్రాంతమునందలి విజ్జడవిడము ఈతని నివాసస్థానము. ఆ యూరు నేటి బిజాపురమని కొందఱును, మహారాష్ట్రమున ఖాందేశ ప్రాంతమునందలిదని మఱికొందఱును తలంచిరి. ఈతని వంశీయుల శాసనము ఖాందేశమునందే లభించుటచే రెండవ పక్షమునకు బలము చేకూరుచున్నది. భాస్కరుడు ఉజ్జయినియందలి వేధశాలకు అధిపతియై యుండెనను మాట పాఠ్యపుస్తకములలో తఱచుగా కనబడును గాని, ఆతని గ్రంథములందు గాని శాసనమునందు గాని దానికి ఆధారము లేదు.

తండ్రి మహేశ్వరుడు. ఆయనయే గురువు. ఈ వంశము పండితవంశమని శాసనము వలన తెలియుచున్నది. మూలపురుషుడు త్రివిక్రముడు, ఆతని కుమారుడగు భాస్కరభట్టు భోజరాజు వలన విద్యాపతి బిరుదమును పొందెను. అటుపిమ్మట గోవిందుడు, ప్రభాకరుడు, మనోరథుడు, మహేశ్వరుడు క్రమముగా వచ్చిరి. మహేశ్వరుని పుత్రుడే మన భాస్కరాచార్యుడు. ఈతని కుమారుడు లక్ష్మీధరుడు, మనుమడు చంగదేవుడు. ఇట్లు తొమ్మిది తరముల పేర్లు మనకు దక్కినవి. విద్య ఇంటియందే తండ్రి నుండి కుమారునకు సంక్రమించిన కాలమది.

సిద్ధాంతశిరోమణి

సిద్ధాంతశిరోమణికి లీలావతి, బీజగణితము, గ్రహగణితము, గోళాధ్యాయము అని నాలుగు భాగములు. మొదటిది వ్యక్తగణితము, రెండవది అవ్యక్తగణితము, కడమ రెండును జ్యోతిస్సిద్ధాంతమునకు సంబంధించినవి. గ్రహగణిత గోళాధ్యాయములకు భాస్కరుడే వాసనాభాష్యమను వ్యాఖ్యానమును కూడ రచించెను. సూత్రము చెప్పి విడిచిపెట్టక ఉపపత్తిని తెలుపుట ఆ వ్యాఖ్యానమునందు ఆతడు అవలంబించిన పద్ధతి. ఉపపత్తి యెఱుగని గణకుడు పండితసభలో రాణింపడని ఆతని అభిప్రాయము.

బీజగణితము చివర ఆతడు తన ఋణమును స్పష్టముగా చెప్పుకొనెను. బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, పద్మనాభుడు రచించిన బీజగణితములు అతివిస్తృతములగుటచే వాని సారమును గ్రహించి శిష్యుల కొఱకు తాను ఈ గ్రంథమును కూర్చితినని ఆతని మాటల తాత్పర్యము. వీరిలో శ్రీధరుని బీజగణితమును, పద్మనాభుని బీజగణితమును నేడు మనకు లభించుట లేదు. అట్టి గ్రంథములు ఉండెనని మనకు తెలియుటకు భాస్కరుని కృతజ్ఞతయే ముఖ్యకారణము. తనకు ముందున్నవారి పేర్లను మఱుగుపఱచిన గ్రంథకర్తలు ఏ కాలమునందును కొఱతపడలేదు. ఈతడు ఆ కోవకు చెందినవాడు కాడు.

వర్గప్రకృతి – పూర్వాచార్యులు

ఇక ప్రకృతమగు సంఖ్య వైపునకు వత్తము. ఒక వర్గమును నియతమైన యొక సంఖ్యచే గుణించి, మఱియొక సంఖ్యను కలిపినచో వర్గము కావలెనను ప్రశ్నను మన శాస్త్రకారులు వర్గప్రకృతి యనిరి. గుణించు సంఖ్య ప్రకృతి. కలుపబడునది క్షేపము. మొదటి వర్గము యొక్క మూలము కనిష్ఠము లేక హ్రస్వము. ఫలముగా వచ్చిన వర్గము యొక్క మూలము జ్యేష్ఠము. ప్రకృతి 61, క్షేపము 1 అయినచో కనిష్ఠము 226153980, జ్యేష్ఠము 1766319049.

ఈ శాస్త్రమునకు ఆద్యుడు బ్రహ్మగుప్తుడు. క్రీ.శ. 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున ఆతడు భావన యను ప్రక్రియను చెప్పెను. ఒకే ప్రకృతికి చెందిన రెండు సమాధానములు లభించినచో, ఒకదాని కనిష్ఠమును రెండవదాని జ్యేష్ఠము చేత గుణించి, అట్లే రెండవదాని కనిష్ఠమును మొదటిదాని జ్యేష్ఠము చేత గుణించి, ఆ రెంటిని కలిపినచో క్రొత్త కనిష్ఠము వచ్చును. జ్యేష్ఠముల గుణకారఫలమునకు, కనిష్ఠముల గుణకారఫలమును ప్రకృతి చేత గుణించి కలిపినచో క్రొత్త జ్యేష్ఠము వచ్చును. క్షేపములు పరస్పరము గుణింపబడును. బ్రహ్మగుప్తుడు 92 ప్రకృతిగా గల ప్రశ్ననిచ్చి, ఒక సంవత్సరములోపల దీనిని సాధించినవాడు గణకుడని చెప్పెను. దానికి కనిష్ఠము 120, జ్యేష్ఠము 1151. క్షేపము నాలుగు గాని, రెండు గాని, ఒకటి గాని ధనముగనో ఋణముగనో లభించినచో, అచ్చటి నుండి రూపక్షేపమునకు, అనగా క్షేపము ఒకటిగా గల సమాధానమునకు, చేరు మార్గమును బ్రహ్మగుప్తుడు చూపెను. అట్టి క్షేపమును తప్పక లభింపజేయు సార్వత్రిక మార్గమును మాత్రము చూపలేదు.

ఆ కొఱతను తీర్చినదే చక్రవాళము. చిరకాలము ఇది భాస్కరుని స్వంత సృష్టియని చరిత్రకారులు వ్రాసిరి. 1954లో కృపాశంకర శుక్ల ప్రకటించిన పరిశోధన వలన ఈ అభిప్రాయము మారినది. లఘుభాస్కరీయమునకు ఉదయదివాకరుడు క్రీ.శ. 1073లో రచించిన సుందరీ వ్యాఖ్యయందు జయదేవాచార్యుని శ్లోకములు ఉదాహరింపబడియున్నవి. వానిలో చక్రవాళ విధానము సంపూర్ణముగా కలదు. కావున భాస్కరుని బీజగణితమునకు కనీసము డెబ్బదియేడు సంవత్సరములకు పూర్వమే ఈ విధానము వెలసినది. భాస్కరుడును దీనిని తన సృష్టిగా చెప్పుకొనలేదు. దీనిని చక్రవాళమందురని మాత్రమే చెప్పెను. పిమ్మటివారు ఆతనికి అంటగట్టిన కీర్తిని ఆతడు కోరియుండలేదు. నిజము తెలిసిన పిమ్మట ఆతని కీర్తికి లోపము కలిగినదని తలంచుట పొరపాటు. ఆతని ప్రజ్ఞ యే తావున కలదో చూపుటకు 61 అను ఉదాహరణమే చాలును.

61 ప్రకృతిగా గల ప్రశ్న – సాధనక్రమము

చక్రవాళ ప్రకరణమున భాస్కరుడు రెండు ఉదాహరణములనిచ్చెను: ఒకటి 67, రెండవది 61. మొదటిదానికి కనిష్ఠము 5967, జ్యేష్ఠము 48842. రెండవదానిని సాధించు క్రమమిది.

61కి సమీపమున నున్న వర్గము 64. దాని మూలము 8. కాబట్టి కనిష్ఠము 1, జ్యేష్ఠము 8, క్షేపము 3 అని ఆరంభింపవచ్చును. ఇప్పుడు ఒక గుణకమును వెదకవలెను. ఆ గుణకమును కనిష్ఠము చేత గుణించి జ్యేష్ఠమును కలిపినచో క్షేపమగు 3 చేత నిశ్శేషముగా భాగింపబడవలెను. అదియునుగాక, గుణకము యొక్క వర్గము 61కి సాధ్యమైనంత సమీపమున నుండవలెను. మొదటి నియమమునకు కుట్టకగణితము సాధనము. ఇచ్చట 7 తగిన గుణకము. 7కి 8 కలిపినచో 15. దానిని 3 చేత భాగించినచో 5, ఇది క్రొత్త కనిష్ఠము. 7 వర్గము 49. 61 నుండి దానికి గల భేదము 12 ఋణము. దానిని 3 చేత భాగించినచో క్షేపము ఋణ 4. జ్యేష్ఠము 39. పరీక్షించి చూచినచో, 39 వర్గము 1521; 5 వర్గమును 61 చేత గుణించినచో 1525. భేదము నాలుగు, సరిపోయినది.

ఈ చోట భాస్కరుడు చక్రమును ఆపెను. క్షేపము ఋణ 4 అయినంతనే బ్రహ్మగుప్తుని మార్గము తెఱచుకొనుచున్నదని ఆతడు గుర్తించెను. రెండుచేత భాగించి కనిష్ఠము 5/2, జ్యేష్ఠము 39/2, క్షేపము ఋణ 1 అని గ్రహించెను. భిన్నములు వచ్చినవని వెనుకాడలేదు. దీనిని దీనితోనే భావన చేసినచో కనిష్ఠము 195/2, జ్యేష్ఠము 1523/2, క్షేపము ధన 1. దీనిని మఱల మొదటి భిన్నములతో భావన చేసినచో భిన్నములు అంతరించి కనిష్ఠము 3805, జ్యేష్ఠము 29718, క్షేపము ఋణ 1 వచ్చును. ఈ పూర్ణాంకములను తమతో తామే భావన చేసినచో కనిష్ఠము 226153980, జ్యేష్ఠము 1766319049, క్షేపము 1. ప్రశ్న పరిష్కృతమైనది.

బ్రహ్మగుప్తుని సహాయము లేకుండ చక్రవాళమునే కడవఱకు నడిపినచో ఎన్ని ఆవృత్తులు పట్టునో లెక్కించి చూడవచ్చును. క్షేపములు క్రమముగా 3, ఋణ 4, ఋణ 5, 5, 4, ఋణ 3, ఋణ 1 అని యేడవ ఆవృత్తియందు ఋణ రూపమునకు చేరును. అచ్చటి నుండి అవియే వెనుకకు తిరిగినట్లుగా ఋణ 3, 4, 5, ఋణ 5, ఋణ 4, 3 అని నడచి పదునాలుగవ ఆవృత్తియందు 1 వచ్చును. చక్రవాళమను పేరు ఎంత అన్వర్థమో ఇచ్చట కన్నులకు కట్టును. భాస్కరుడు రెండవ ఆవృత్తియందే చక్రమును ఆపి, మూడు భావనలతో గమ్యమును చేరెను. జయదేవుడు బోధించిన చక్రమును, బ్రహ్మగుప్తుడు బోధించిన భావనను ఒకే లెక్కయందు సంధించిన నేర్పు భాస్కరునిది. పూర్వుల సారమును గ్రహించితినని గ్రంథాంతమున ఆతడు చెప్పిన మాటకు ఇంతకంటె ప్రత్యక్షోదాహరణము ఉండదు.

ఈ సంఖ్య యొక్క లక్షణములు

1766319049 నుండి ఒకటి తీసివేసినచో 1766319048. ఇది 29718 యొక్క వర్గమునకు సరిగా రెట్టింపు. ఒకటి కలిపినచో 1766319050. ఇది 3805 యొక్క వర్గమునకు సరిగా 122 రెట్లు, అనగా 61 యొక్క రెట్టింపు చేత గుణితము. ఈ రెంటిని సగము చేసినచో 883159524, 883159525 అను రెండు వరుస సంఖ్యలు వచ్చును. మొదటిది శుద్ధవర్గము, రెండవది ఒక వర్గమునకు 61 రెట్లు. ఈ మహాసంఖ్య ఒక సుందరమైన జంట మధ్య నిలిచియున్నది. పై సాధనక్రమమున ఋణ 1 క్షేపముగా వచ్చిన 29718, 3805 అనునవే ఇచ్చట మఱల కనబడుట గమనింపదగినది. పెద్ద సంఖ్య పుట్టుక అంతయు ఆ చిన్న సంఖ్యలలోనే ఇమిడియున్నది. 61 చేత భాగించినచో ఈ సంఖ్యకు 60 శేషించుననునదియు దీని వలననే తెలియుచున్నది.

దీనికి తోడైన కనిష్ఠము 226153980 కూడ ఇట్లే విడివడును. అది 29718, 3805 అను రెండింటి గుణకారఫలమునకు రెట్టింపు. దానిని విభజించుచు పోయినచో 4, 9, 5, 13, 127, 761 అను అంకముల గుణకారఫలముగా తేలును. తొమ్మిది దానిని నిశ్శేషముగా భాగించును. కాబట్టి నవశేష పరీక్ష సులభము: కనిష్ఠవర్గమును 61 చేత గుణించి ఒకటి కలిపినచో నవశేషము 1. జ్యేష్ఠము యొక్క అంకములను కూడినచో 46, దాని నవశేషము 1, వర్గము యొక్క నవశేషమును 1. పరీక్ష సరిపోవుచున్నది.

జ్యేష్ఠమును వర్గము చేసినచో 3119882982860264401 వచ్చును. ఇందు పందొమ్మిది అంకములు కలవు. లీలావతి ఆరంభమున భాస్కరుడు ఏకము మొదలు పరార్ధము వఱకు పదునెనిమిది స్థానములను పేర్కొనెను. జ్యేష్ఠము పదియవ స్థానమగు అబ్జము వఱకు వచ్చి ఆగినది. దాని వర్గము ముప్పదియొక్క పరార్ధములను మించి, ఆచార్యుడు పేరు పెట్టిన స్థానములను కూడ దాటిపోయినది. అంతటి సంఖ్యకును, ఒక వర్గమునకు 61 రెట్లైన వేఱొక సంఖ్యకును గల భేదము ఒక్కటి మాత్రమే.

దీని వలన మఱియొక ఫలము కలుగుచున్నది. జ్యేష్ఠమును కనిష్ఠముచే భాగించినచో 61 యొక్క మూలము, అనగా కరణి, మిక్కిలి సూక్ష్మముగా లభించును. 7.81024967590665439 వఱకు పదునేడు దశాంశ స్థానములు యథార్థ మూలముతో ఏకీభవించును. ఈ సమాధానమును దీనితోనే భావన చేసినచో తదుపరి జ్యేష్ఠముగా 6239765965720528801 వచ్చును. ఇట్లు అనంతముగా సాగవచ్చును. కాని 1766319049 కంటె చిన్న సమాధానము పూర్ణాంకములలో లేదు. ఒకటియు శూన్యమును మాత్రము విడువవలెను.

భాస్కరుడు 61నే యేల గ్రహించెను? దీనికి ముందున్న 60కి కనిష్ఠము 4, జ్యేష్ఠము 31. తరువాతి 62కి కనిష్ఠము 8, జ్యేష్ఠము 63. 63కి కనిష్ఠము 1, జ్యేష్ఠము 8. ఇరుగుపొరుగు సంఖ్యలకు ఇంత సులభమైన సమాధానములుండగా 61కి మాత్రము పది అంకముల సంఖ్య వచ్చుచున్నది. నూఱు లోపలి ప్రకృతులన్నిటిలో దీని సమాధానమే అతి పెద్దది. కొన్నిటిని సాధించి చూచిన పిమ్మటనే ఆచార్యుడు దీనిని ఏఱికొని యుండునని ఊహింపవచ్చును. శిష్యుని ఓర్పును, చక్రవాళము యొక్క శక్తిని ఏకకాలమున పరీక్షించుటకు ఇంతకంటె తగిన ప్రకృతి లేదు.

మఱియొక విశేషము. క్షేపము ఋణ 1 కావలెనన్నచో ప్రకృతి రెండు వర్గముల మొత్తము కావలెనని, కానిచో ప్రశ్న అసాధ్యమని భాస్కరుడు బీజగణితమున వేఱొకచోట నియమము చెప్పెను. 61 అను సంఖ్య 25, 36 అను వర్గముల మొత్తము. ఋణ 1 క్షేపముగా గల 29718, 3805 అను సమాధానము ఈ నియమమునకు అనుగుణముగా నున్నది. ప్రకృతియందలి యొక లక్షణము సమాధానమును ఎట్లు శాసించునో ఆతడు ఎఱుగును.

ఉత్తరజీవితము – లీలావతీ కథ

సిద్ధాంతశిరోమణి పిమ్మట భాస్కరుడు లల్లాచార్యుని శిష్యధీవృద్ధిదమునకు వ్యాఖ్యను, కరణకుతూహలమను కరణగ్రంథమును రచించెను. కరణకుతూహలమున గణనకు ఆరంభకాలము శకవర్షము 1105, అనగా క్రీ.శ. 1183. అప్పటికి ఆచార్యుని వయస్సు దాదాపు డెబ్బది. ఆ వయస్సునను పంచాంగకర్తలకు సులభమైన గణనమార్గమును కూర్చుటయందు శ్రద్ధ వహించెను. మహాసిద్ధాంతమును రచించిన చేతితోనే నిత్యోపయోగమునకు చిన్న గ్రంథమును వ్రాయుట ఆతని బోధకస్వభావమునకు నిదర్శనము.

లోకమున ఆతని జీవితమనగానే జ్ఞప్తికి వచ్చు కథ వేఱొకటి. కుమార్తె లీలావతికి వివాహము జరుగు సుముహూర్తమును తెలిసికొనుటకు ఘటికాపాత్రను నీటియందుంచగా, ఆమె వంగి చూచినప్పుడు ముత్యమొకటి జాఱి పాత్ర రంధ్రమును మూసివేసెననియు, ముహూర్తము దాటిపోగా ఆమెను ఓదార్చుటకు తండ్రి ఆమె పేర గ్రంథము రచించెననియు ఆ కథ. ఇది అక్బరు ఆజ్ఞచే ఫైజీ 1587లో లీలావతిని పారసీకమునకు పరివర్తన చేసినప్పుడు పీఠికయందు కనబడునది. గ్రంథరచనకును ఈ పీఠికకును మధ్య నాలుగువందల సంవత్సరములకు పైబడిన కాలము గడచినది. భాస్కరుడు గాని, ఆతని వంశీయుల శాసనము గాని ఇట్టి కుమార్తెను పేర్కొనలేదు. లీలావతియందలి సంబోధనలును ఒక్క తీరుగా లేవు. బాలా యనియు, కాంతా యనియు, మిత్రమా యనియు కలవు. కాంతా యను సంబోధన కుమార్తె పట్ల పొసగదు. కథ మనోహరమే, దానిని ద్వేషింపనక్కఱలేదు. కాని కథకు చరిత్రస్థానము నిచ్చి, 61 అను ప్రశ్నను సాధించిన మేధను వెనుకకు నెట్టుట ఆచార్యునకు న్యాయము చేయుట కాదు.

శాసనము చెప్పునది ఇంతకంటె గంభీరమైన విషయము. యాదవరాజగు జైత్రపాలుడు భాస్కరపుత్రుడగు లక్ష్మీధరుని పాండిత్యమునకు మెచ్చి ఆహ్వానించి పండితులకు అగ్రగణ్యునిగా నియమించెను. లక్ష్మీధరుని కుమారుడు చంగదేవుడు సింఘణ మహారాజునకు ఆస్థాన జ్యోతిష్కుడయ్యెను. ఆతడు తన తాతగారి సిద్ధాంతశిరోమణి మొదలగు గ్రంథముల అధ్యయనమునకై ఒక మఠమును నెలకొల్పెను. దానికి నికుంభవంశీయుడగు సోయిదేవుడు క్రీ.శ. 1207లో దానముచేసెను. జలగామ్ జిల్లా చాలీస్‌గామ్ సమీపమునందలి పాటణమున లభించిన ఈ శాసనమును పందొమ్మిదవ శతాబ్దియందు భావుదాజీ వెలుగులోనికి తెచ్చెను. ఒక గణకుని గ్రంథములను చదువుటకే ఒక విద్యాస్థానము వెలయుట మన చరిత్రయందు అరుదైన విషయము.

ఆ సంప్రదాయము నిలిచినది. క్రీ.శ. 1538లో సూర్యదాసుడు బీజగణితమునకు సూర్యప్రకాశమను వ్యాఖ్యను, 1545లో గణేశదైవజ్ఞుడు లీలావతికి బుద్ధివిలాసినిని రచించిరి. 17వ శతాబ్ది ఆరంభమున కృష్ణదైవజ్ఞుని బీజపల్లవము వెలువడినది.

దేశాంతరమున అదే ప్రశ్న

భాస్కరుని బీజగణితము పుట్టిన 507 సంవత్సరములకు, 1657లో, ఫ్రాన్సుదేశమున ఫెర్మా యను గణితజ్ఞుడు ఇదే తీరు ప్రశ్నను పాశ్చాత్య గణకులకు సవాలుగా పంపెను. విశేషమేమనగా, ఉదాహరణములుగా ఆయన గ్రహించిన రెండు ప్రకృతులలో 61 ఒకటి. రెండవది 109. దానికి జ్యేష్ఠము 158070671986249. ఇంగ్లండులో బ్రౌంకర్ ఒక మార్గమును కనుగొనగా వాలిస్ దానిని వివరించెను. 1768 ప్రాంతమున లగ్రాంజ్ అట్టి ప్రశ్నలకు సమాధానము ఎల్లప్పుడును ఉండునని నిరూపించెను. ఈ సమీకరణముతో ముఖ్యసంబంధము లేని పెల్ అనువాని పేరును ఆయిలర్ దీనికి పెట్టుటచే, ఆ పేరే లోకమున నిలిచిపోయినది.

ఫెర్మా ప్రశ్నకు ఇరువదిమూడు సంవత్సరములకు పూర్వమే, 1634లో, అతాఉల్లా రషీది బీజగణితమును పారసీకమునకు పరివర్తనము చేసియుండెను. కాని ఆ గ్రంథము ఐరోపా గణకుల చేతికి అప్పుడు చేరలేదు. ఆ పారసీక ప్రతి నుండి స్ట్రాచీ 1813లోను, సంస్కృతమూలము నుండి కోల్‌బ్రూక్ 1817లోను ఆంగ్లమునకు తెచ్చిన పిమ్మటనే 61కి సమాధానము భారతదేశమున ముందే యున్నదని పాశ్చాత్యులు తెలిసికొనిరి. ఇద్దఱు మహామేధావులు, ఒకరినొకరు ఎఱుగక, ఒకే సంఖ్యను ఏఱికొనుట యాదృచ్ఛికము కాదు. ఆ సంఖ్యయందలి కాఠిన్యమే ఇద్దఱిని ఆకర్షించినది.

భాస్కరుడు చెప్పక విడిచినది ఒకటి కలదు. ఏ ప్రకృతిని గ్రహించినను, అది వర్గము కానిచో, చక్రవాళము తప్పక ఒకటి క్షేపముగా ముగియునని నిరూపణము బీజగణితమున లేదు. విధియు, ఉదాహరణములును మాత్రమే కలవు. ఈ లోపమును కప్పిపుచ్చుట తగదు. లగ్రాంజ్ చేసిన పని యొక్క గౌరవము ఆ నిరూపణమునందే యున్నది. చక్రవాళమునకు అట్టి నిరూపణమును మన దేశమున కృష్ణస్వామి అయ్యంగార్ 1929–30 ప్రాంతమున చేసెను. 1975లో సెలేనియస్ ఈ విధానమును మఱల పరిశీలించి, దాని సంక్షిప్తతను ప్రశంసించెను. విధిని కనుగొనినవారును, దానిని నిరూపించినవారును వేఱువేఱు గౌరవములకు పాత్రులు. ఒకరి గౌరవమును తీసి మఱియొకరికి ఇయ్యవలసిన పని లేదు.

ఉపసంహారము

మన విద్యార్థులు 1766319049 అను సంఖ్యను కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయుదురు. దానిని ప్రాచీన వైభవమునకు గుర్తుగా సభలలో చెప్పుదుము. కాని రెండు ఆవృత్తుల చక్రమును, మూడు భావనలను స్వయముగా చేసి చూచినవారు ఎందఱు? ఒక తాటియాకు మీద గాని, నేటి కాగితముమీద గాని అది అర్ధఘటికలోపల ముగియు పని. చేసి చూచినవానికి మాత్రమే ఋణ 4 వద్ద ఆచార్యుడు ఎందుకు ఆగెనో, భిన్నములను ఎందుకు సహించెనో, 61ని ఎందుకు ఏఱుకొనెనో తెలియును. లెక్కను చేయక కొనియాడుట ఆచార్యుని చిత్రపటమునకు పూలదండ వేయుట వంటిది. ఆతని శిష్యుడగుట కాదు.

భాస్కరుడు తన్ను గూర్చి చెప్పుకొనినది జన్మవర్షము, వయస్సు, ఊరు, గోత్రము, తండ్రి పేరు, పూర్వాచార్యుల పేర్లు మాత్రమే. కడమ జీవితమంతయు ఆతడు తన లెక్కలయందే వ్రాసి యుంచెను. చంగదేవుడు తాతగారికి విగ్రహమును గాక మఠమును కట్టించుటలోని ఆంతర్యమును మనము గ్రహింపవలెను. ఆ మఠము నేడు లేదు. అచ్చట చదివించిన ప్రశ్న మాత్రము అట్లే యున్నది. ఏ పాఠశాలయందైనను దానిని మఱల నల్లబల్లపై వ్రాయవచ్చును.